పర్మిషన్ ఇచ్చేముందు పొగ లెక్క చెప్పాలి: అమెరికాలో స్టేట్ ఎన్విరాన్‌మెంటల్ రివ్యూ, గ్రీన్‌హౌస్ గ్యాసుల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు కొనుక్కుని రెండేళ్ళు తిరక్కుండానే వెనకాల ఖాళీ స్థలంలో ఒక తెల్ల బోర్డు పాతుతారు, దాని మీద పబ్లిక్ నోటీస్ అని ఉంటుంది, మనం కార్లోంచి ఒక చూపు చూసి వెళ్ళిపోతాం. ఆ బోర్డు వెనకాల ఉన్న చట్టం గురించి, అందులో ఈ కార్బన్ గొడవ గురించి మన తెలుగు గ్రూపుల్లో చాలామంది అడుగుతూ ఉంటారు, ప్రతిసారీ విడివిడిగా టైప్ చేసే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నా. ఎక్కువగా కాలిఫోర్నియా సంగతులే ఉంటాయి, నేనుండేది ఇక్కడే, పైగా ఈ విషయంలో ఎక్కువ కేసులు నడిచిందీ ఇక్కడే.

ఎన్విరాన్‌మెంటల్ రివ్యూ అంటే ఇంకో పర్మిటా?

కాదండీ. పర్మిట్ ఇచ్చేముందు చెయ్యాల్సిన పని. సిటీ గానీ కౌంటీ గానీ స్టేట్ డిపార్ట్‌మెంట్ గానీ ఒక ప్రాజెక్ట్‌కి సరే అనేముందు దానివల్ల గాలికి, నీళ్ళకి, ట్రాఫిక్‌కి, చుట్టుపక్కల జనానికి ఏమవుతుందో కాగితం మీద పెట్టాలి, అది జనానికి చూపించాలి, వాళ్ళు అడిగినవాటికి జవాబు చెప్పాలి, ఆ తర్వాతే ఓటు వెయ్యాలి. ఫెడరల్ గవర్నమెంట్ చేసే పనులకి ఉన్న చట్టం నేపా, 1970 జనవరి 1న ప్రెసిడెంట్ నిక్సన్ సంతకం పెట్టాడు. అదే ఏడాది రీగన్ గవర్నర్‌గా ఉండగా కాలిఫోర్నియాలో ఇలాంటిదే సీక్వా అనే స్టేట్ చట్టం వచ్చింది. ఇది గవర్నమెంట్ కట్టే రోడ్లకీ డ్యాములకే అని మొదట్లో అనుకున్నారు, 1972లో మోనో కౌంటీలో మామత్ దగ్గర కాండోల మీద కేసు వస్తే స్టేట్ సుప్రీం కోర్టు, కట్టేది ప్రైవేట్ వాళ్ళే అయినా పర్మిషన్ ఇచ్చేది గవర్నమెంటే కదా, కాబట్టి వాళ్ళకీ వర్తిస్తుంది అని తేల్చింది. ఇవాళ మన ఇంటి వెనకాల వేర్‌హౌస్‌కి కూడా రివ్యూ జరుగుతోందంటే ఆ తీర్పు వల్లే.

మాది డాలస్. మాకూ ఉందా?

లేదు. టెక్సస్‌లో ఇలాంటి స్టేట్ చట్టం లేదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, న్యూయార్క్, మసాచుసెట్స్, మిన్నెసోటా, మోంటానా, హవాయి లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఉంది, అన్నీ 1970ల్లో వచ్చినవే. జార్జియా, వర్జీనియా వాళ్ళకి ఉంది గానీ గవర్నమెంట్ సొంత ప్రాజెక్టులకే. కాబట్టి అట్లాంటాలో మీ పక్కన ప్రైవేట్ కంపెనీ ఏదైనా కడుతుంటే ఈ దారి పనికిరాదు, జోనింగ్ హియరింగే దిక్కు.

ఇందులోకి కార్బన్ ఎప్పుడొచ్చింది?

చట్టాల్లో "పర్యావరణం మీద ప్రభావం" అన్న మాట 1970 నుంచీ ఉంది, భూమిని వేడెక్కించే గ్రీన్‌హౌస్ గ్యాసులు అని విడిగా ఎవరూ రాయలేదు, చాలా ఏళ్ళు ఎవరూ అడగలేదు కూడా. 2006లో కాలిఫోర్నియా ఏబీ 32 అనే చట్టం తెచ్చింది, 2020 కల్లా స్టేట్ మొత్తం పొగని, అంటే ఈ గ్యాసుల్ని, 1990 స్థాయికి దించాలని. ఆ మరుసటేడు, 2007లో, అప్పటి అటార్నీ జనరల్ జెర్రీ బ్రౌన్ శాన్ బెర్నార్డినో కౌంటీ మీద కేసు వేశాడు. ఎందుకంటే ఆ కౌంటీ వచ్చే పాతికేళ్ళకి ఎక్కడ ఇళ్ళు, ఎక్కడ రోడ్లు అని జనరల్ ప్లాన్ రాసుకుంది గానీ అందులో గ్రీన్‌హౌస్ గ్యాసుల సంగతి సరిగ్గా తేల్చలేదు. ఆగస్టు కల్లా రాజీ అయింది, కౌంటీ లెక్కలు కట్టి తగ్గించే ప్లాన్ రాస్తానని ఒప్పుకుంది. మిగతా కౌంటీలకి ఒక్కసారిగా మెలకువ వచ్చింది.

అదే ఏడాది ఎస్‌బీ 97 పాసయ్యింది, సీక్వా గైడ్‌లైన్స్‌లో గ్రీన్‌హౌస్ గ్యాసుల గురించి రూల్ రాయండి అని. ఆ రూల్స్ 2010 మార్చి నుంచి అమల్లో ఉన్నాయి. మసాచుసెట్స్ కూడా 2007లోనే మొదలెట్టింది, 2008లో ఏకంగా చట్టంలోనే పెట్టేసింది, పొగతో పాటు సముద్ర మట్టం పెరగడం కూడా చూడాలని. న్యూయార్క్ 2009లో తమ స్టాఫ్‌కి ఎలా చూడాలో గైడెన్స్ ఇచ్చింది. మిన్నెసోటా బాగా లేటు, వాళ్ళ రివ్యూ ఫారంలో ఈ ప్రశ్నలు తప్పనిసరి అయింది 2022 చివర్లో.

ఒక్క ప్రాజెక్ట్ వల్ల భూమి వేడెక్కుతుందా? ప్రపంచం మొత్తంలో ఇది ఎంతని?

అందరూ అడిగేది ఇదే, డెవలపర్ల లాయర్లు అడిగేదీ ఇదే.

రాజుగారు రాత్రికి రాత్రి గుండిగలో ఇంటికో చెంబు పాలు పొయ్యమంటే, అందరూ పాలే పోస్తారుగా, నా ఒక్కడి చెంబు నీళ్ళు ఎవరికి తెలుస్తాయి అని ప్రతివాడూ నీళ్ళే పోశాడు, తెల్లారి చూస్తే గుండిగ నిండా నీళ్ళే. మన చిన్నప్పుడు అందరం విన్న కథే. కార్బన్ విషయంలో ప్రతి ప్రాజెక్ట్ ఆ చెంబే పట్టుకుని వస్తుంది. ఏ రిఫైనరీనీ ఏ సబ్‌డివిజన్‌నీ విడిగా తీసుకుని దీనివల్లే ఫలానా చోట కరువొచ్చింది అని చూపించలేం, నిజమే. అందుకే చట్టంలో క్యుములేటివ్ ఇంపాక్ట్ అనే ఆలోచన పెట్టారు, అంటే నీ ఒక్కడిది ఎంత అని కాకుండా, ఇప్పటికే ఉన్నదానికి నువ్వు కలిపేది లెక్కలోకి తీసుకోవాల్సినంత ఉందా అని. 2018లో మార్చిన కాలిఫోర్నియా గైడ్‌లైన్స్ ఇంకో అడుగు వేసి, స్టేట్‌తో దేశంతో ప్రపంచంతో పోలిస్తే చిన్నదిగా కనిపించినంత మాత్రాన ఆ ప్రాజెక్ట్ వాటా లెక్కలోకి రాదు అనుకోవద్దు అని స్పష్టంగా రాసింది.

నాకు ఈ మొత్తం చట్టంలో అన్నిటికన్నా విలువైన మాట ఇదే. ఎందుకంటే "మాది చాలా చిన్నది" అనే జవాబు ఒప్పుకుంటే ఇక రివ్యూ చెయ్యడమే దండగ, ఎప్పుడూ ఎవరూ దొరకరు.

లెక్క ఎలా కడతారు?

కట్టేటప్పుడు తిరిగే బుల్‌డోజర్లు, లారీలు, కట్టాక వాడే కరెంటు, గ్యాస్ స్టవ్వులు హీటర్లు, నీళ్ళు పంపు చెయ్యడానికి అయ్యే కరెంటు, చెత్త, అన్నిటికన్నా ఎక్కువగా అక్కడికి వచ్చిపోయే కార్లు ట్రక్కులు. ఇవన్నీ కలిపి ఏడాదికి ఇన్ని మెట్రిక్ టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం అని ఒక అంకె వేస్తారు. కాలిఫోర్నియాలో దానికి కాల్‌ఈఈమాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఎవరైనా వాడొచ్చు. మీథేన్‌ని ఎలా లెక్కేస్తున్నారో ఒక కన్నేసి ఉంచండి, ఎందుకంటే వందేళ్ళ మీద చూస్తే దానికి ఒక విలువ, ఇరవయ్యేళ్ళ మీద చూస్తే దాదాపు మూడు రెట్లు. న్యూయార్క్ 2019 క్లైమేట్ చట్టంలో ఇరవయ్యేళ్ళదే వాడమంది, గ్యాస్ ప్రాజెక్టులకి దాంతో లెక్క బాగా మారిపోతుంది.

మనకి తెలిసిన ఉదాహరణ ఒకటి చేసి చూద్దాం. మౌంటెన్ హౌస్‌లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు, బే ఏరియాలో రేట్లు తట్టుకోలేక ఆల్టమాంట్ కొండ దాటి వెళ్ళి కొనుక్కున్నవాళ్ళే ఎక్కువ. ఆఫీసు 50 మైళ్ళు అనుకోండి, రానూపోనూ 100. వారానికి 5 రోజులు, ఏడాదికి 48 వారాలు, 24,000 మైళ్ళు. గ్యాలన్‌కి 30 మైళ్ళిచ్చే కారైతే 800 గ్యాలన్లు. గ్యాలన్ పెట్రోలు కాలితే దాదాపు 8.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే ఒక్క మనిషి ఆఫీసుకి వెళ్ళిరావడానికి ఏడాదికి 7.1 టన్నులు. అక్కడ గాలి కాలుష్యం సంగతి చూసే బే ఏరియా ఎయిర్ డిస్ట్రిక్ట్ 2010లో ఒక మొత్తం ప్రాజెక్ట్‌కి పెట్టిన హద్దు 1,100 టన్నులు. అంటే ఇలాంటి కార్లు 155 అయితే చాలు, ఇళ్ళల్లో కరెంటు గ్యాసు కలపకుండానే ఆ హద్దుకి వచ్చేస్తాం. ఇంటికి సోలార్ పెట్టాం కదా అని సంతోషపడతాం, ఇల్లు ఎక్కడ కట్టారన్నదే అసలు లెక్క. స్టేట్ మొత్తం పొగలో దాదాపు 40 శాతం రవాణాదే మరి.

అందుకే 2013లో ఎస్‌బీ 743 తెచ్చారు. అంతకుముందు ట్రాఫిక్ రివ్యూ అంటే సిగ్నల్ దగ్గర ఎన్ని సెకన్లు ఆగాలి అని చూసేవాళ్ళు, దాంతో రైల్వే స్టేషన్ పక్కన అపార్ట్‌మెంట్ చెడ్డది, ఊరవతల పొలంలో సబ్‌డివిజన్ మంచిది అని తేలేది! 2020 జులై నుంచి రాష్ట్రమంతా జనం మొత్తం ఎన్ని మైళ్ళు డ్రైవ్ చెయ్యాల్సి వస్తుంది అనేదే చూస్తున్నారు, దాన్ని వీఎంటీ అంటారు.

ఎంత దాటితే "ఎక్కువ" అంటారు?

ఒకే అంకె లేదండీ, గొడవంతా ఇక్కడే. పైన చెప్పిన 1,100 ఒకటి, ఫ్యాక్టరీల్లాంటి వాటికి 10,000 టన్నులు ఇంకొకటి. కొన్ని సిటీలు తమ క్లైమేట్ యాక్షన్ ప్లాన్ ఒకటి రాసుకుని దానికి సరిపోతే చాలంటాయి. బే ఏరియా ఎయిర్ డిస్ట్రిక్ట్ 2022లో టన్నుల పద్ధతి పక్కన పెట్టి, కొత్త బిల్డింగుల్లో గ్యాస్ లైన్ ఉండకూడదు, ఈవీ ఛార్జింగ్ ఉండాలి, వీఎంటీ తగ్గాలి, లేదంటే లోకల్ ప్లాన్‌కి సరిపోవాలి అని మార్చింది.

ఈ "ఎంత" మీద వచ్చిన పెద్ద తీర్పు న్యూహాల్ రాంచ్ కేసు, 2015. లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరాన శాంటా క్లారిటా దగ్గర దాదాపు 12,000 ఎకరాల్లో 20 వేల పైచిలుకు ఇళ్ళతో ఏకంగా కొత్త ఊరు. వాళ్ళ రిపోర్టులో ఏడాదికి దాదాపు 2 లక్షల 69 వేల టన్నులని రాశారు, ఏ జాగ్రత్తా తీసుకోకపోతే 3 లక్షల 90 వేలు అయ్యేది కాబట్టి మేం 31 శాతం తగ్గించాం, స్టేట్ అడుగుతున్నది 29 శాతమే, కాబట్టి మాది ఎక్కువ కాదు అన్నారు. వినడానికి బాగానే ఉంది. కోర్టు ఏమందంటే, 29 శాతం అనేది పాత ఇళ్ళు పాత కార్లు అన్నీ కలిపి రాష్ట్రం మొత్తానికి, కొత్తగా కట్టేవాళ్ళు అంతకన్నా ఎక్కువ తగ్గించాల్సి ఉంటుందేమో, ఆ సగటు అంకె తెచ్చి మీ ప్రాజెక్ట్‌కి అతికించడానికి ఆధారం ఏది అని. పదో క్లాసులో స్టేట్ యావరేజ్ కన్నా రెండు మార్కులు ఎక్కువొచ్చాయి కాబట్టి మా వాడికి ఐఐటీ సీటు ఖాయం అన్నట్టుంది కదా. ఆ తర్వాత ఆ కంపెనీయే మళ్ళీ ప్లాన్ వేసుకుని నెట్ జీరో చేస్తామని ముందుకొచ్చింది, 2017లో ఆమోదం వచ్చింది. ఒక కేసు వల్ల అంత పెద్ద ఊరి డిజైన్ మారింది.

ఎక్కువ అని తేలితే ప్రాజెక్ట్ ఆగిపోతుందా?

ఆగదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. చెయ్యగలిగిన తగ్గింపులన్నీ చెయ్యాలి, అయినా మిగిలితే, నష్టం ఉంది, కానీ ఫలానా లాభాల కోసం ఒప్పుకుంటున్నాం అని సిటీ కౌన్సిల్ రాతపూర్వకంగా రాసి ఓటేసి ముందుకెళ్ళొచ్చు. అలా రాయాల్సి రావడమే పెద్ద బరువు, ఎవరు ఓటేశారో అందరికీ తెలుస్తుంది.

అయితే తగ్గింపులు తర్వాత చూసుకుంటాం అంటే కుదరదు. రిచ్‌మండ్‌లో షెవ్రాన్ రిఫైనరీ విస్తరణ రిపోర్టులో ఏడాదికి దాదాపు 9 లక్షల టన్నులు పెరగొచ్చని ఉంది, దాన్ని ఎలా తగ్గిస్తారయ్యా అంటే, పర్మిషన్ ఇచ్చాక ఏడాదిలోపు ప్లాన్ తెస్తాం అన్నారు. 2010లో అప్పీల్స్ కోర్టు అలా కాదంది. శాన్ డియేగో కౌంటీ ప్రపంచంలో ఎక్కడి నుంచైనా కార్బన్ ఆఫ్‌సెట్స్, అంటే వేరేచోట పొగ తగ్గించామనే సర్టిఫికెట్లు, కొనుక్కుని లెక్క సరిచేసుకోవచ్చని పెట్టుకున్న రూల్‌ని 2020లో ఇంకో బెంచి కొట్టేసింది, ఆ ఆఫ్‌సెట్స్ నిజంగా జరుగుతాయని గ్యారంటీ ఏదని. నా మట్టుకు నేను ఆఫ్‌సెట్ అనే మాట కనిపించగానే ఆ పేజీ రెండుసార్లు చదువుతా, ఎక్కడో చెట్లు నాటామన్న సర్టిఫికెట్ వల్ల మన పక్కన ట్రక్కుల డీజిల్ పొగ తగ్గదు.

క్యాప్ అండ్ ట్రేడ్‌లో పెట్రోలు కంపెనీలు ఇప్పటికే కడుతున్నాయి కదా, మళ్ళీ ఇదెందుకు?

క్యాప్ అండ్ ట్రేడ్ అంటే స్టేట్ మొత్తం పొగకి ఒక హద్దు పెట్టి, కంపెనీలు తమ పొగకి పర్మిట్లు కొనుక్కునే పద్ధతి. సరిగ్గా ఈ వాదనే మొరీనో వ్యాలీలో వరల్డ్ లాజిస్టిక్స్ సెంటర్ వాళ్ళు చేశారు. అది 4 కోట్ల చదరపు అడుగుల వేర్‌హౌసులు. ట్రక్కులు కాల్చే డీజిల్ ఆల్రెడీ క్యాప్ అండ్ ట్రేడ్ కిందకి వస్తుంది కాబట్టి ఆ పొగని మా ఖాతాలో హద్దుకి ఎదురుగా లెక్కెయ్యక్కర్లేదు అన్నారు. వేర్‌హౌస్ అంటేనే ట్రక్కులు, ట్రక్కుల్ని తీసేస్తే ఇంకేం మిగుల్తుంది చెప్పండి! 2019లో అటార్నీ జనరల్, స్టేట్ ఎయిర్ బోర్డ్ ఇద్దరూ ఈ వాదన తప్పని కోర్టుకి రాశారు. చివరికి 2021లో కేసు వేసిన సంఘాలతో రాజీ అయింది, ఎలక్ట్రిక్ ట్రక్కులు, సోలార్ లాంటి వాటికి దాదాపు 4 కోట్ల 70 లక్షల డాలర్ల విలువైన పనులకి ఒప్పుకున్నారు.

ఇక్కడ ఓడకెక్కించి వేరే దేశంలో కాలిస్తే ఆ పొగ ఎవరి ఖాతా?

సియాటిల్ వైపు వాళ్ళకి ఇది బాగా తెలుసు. కొలంబియా నది ఒడ్డున లాంగ్‌వ్యూలో ఏడాదికి 4 కోట్ల 40 లక్షల టన్నుల బొగ్గు ఆసియాకి పంపే టెర్మినల్ కడతామన్నారు. వాషింగ్టన్ ఎకాలజీ డిపార్ట్‌మెంట్ 2014లోనే చెప్పేసింది, రివ్యూలో రైళ్ళ పొగతో పాటు ఆ బొగ్గు ఆసియాలో కాలినప్పుడు వచ్చేది కూడా చూస్తాం అని. ఆ టెర్మినల్ చివరికి రాలేదు, 2017లో నీటి పర్మిట్ ఇవ్వలేదు.

అదే నది మీద కలామాలో గ్యాస్‌తో మెథనాల్ తయారుచేసి చైనాకి పంపే ఫ్యాక్టరీ ఇంకోటి. కంపెనీ వాదన ఏంటంటే, మేం పంపకపోతే చైనా వాళ్ళు బొగ్గుతో చేసుకుంటారు, అది ఇంకా ఎక్కువ పొగ, కాబట్టి మా వల్ల ప్రపంచానికి మేలే అని. కొట్టిపారేసే వాదన కాదిది, అందుకే మొదటి రిపోర్టు చాలదని ఇలాంటి పర్మిట్ల మీద అప్పీళ్ళు వినే స్టేట్ బోర్డు 2017లో తిప్పి పంపాక మళ్ళీ కూర్చుని గ్యాస్ బావి దగ్గర లీకయ్యే మీథేన్ దగ్గర్నుంచి చైనా మార్కెట్ దాకా లెక్కలు చేశారు. అన్నీ చూశాక ఎకాలజీ 2021 జనవరిలో పర్మిట్ నిరాకరించింది, ఆ ఏడే కంపెనీ ప్రాజెక్ట్ వదిలేసుకుంది.

మోంటానా పిల్లల కేసు అంటారు, దానికీ దీనికీ సంబంధం ఏంటి?

పూర్తిగా ఇదే సంబంధం! చాలామంది అది వాతావరణ మార్పు మీద ఏదో పెద్ద కేసనుకుంటారు, నిజానికి గొడవ మొత్తం వాళ్ళ రివ్యూ చట్టంలో ఒక క్లాజ్ మీద. మోంటానా చట్టం 1971ది. 2011లో దాన్ని మార్చి, రాష్ట్రం బయట జరిగే ప్రభావాలు చూడొద్దన్నారు. 2023 ఏప్రిల్‌లో లారెల్ ఊరి దగ్గర కడుతున్న గ్యాస్ ప్లాంట్‌కి పొగ లెక్క చూడకుండా పర్మిట్ ఇచ్చారని ఒక జడ్జి దాన్ని రద్దు చేస్తే, వెంటనే అసెంబ్లీ వాళ్ళు అసలు గ్రీన్‌హౌస్ గ్యాసులు చూడనే కూడదు అని చట్టం చేసేశారు. లెక్క కట్టడం ఇష్టం లేక లెక్కల పుస్తకమే మూసేసినట్టు.

16 మంది పిల్లలు, యువకులు 2020లోనే కేసు వేసి ఉన్నారు. మోంటానా రాజ్యాంగంలో, అది 1972ది, శుభ్రమైన ఆరోగ్యకరమైన పర్యావరణం హక్కు అని రాసి ఉంది. 2023 జూన్‌లో హెలెనాలో ట్రయల్ జరిగింది, ఆగస్టు 14న జడ్జి క్యాథీ సీలీ ఆ నిషేధం రాజ్యాంగానికి విరుద్ధం అని తీర్పిచ్చారు, 2024 డిసెంబర్ 18న రాష్ట్ర సుప్రీం కోర్టు 6-1తో సమర్థించింది. మా రాష్ట్రం పొగ ప్రపంచంలో ఎంతని, ఆపినా ఏం మారదు అని స్టేట్ వాదించింది, అదే చెంబు కథ, కోర్టు ఒప్పుకోలేదు. 2025లో అసెంబ్లీ మళ్ళీ చట్టాన్ని సవరించింది, బొగ్గు గ్యాస్ ప్రాజెక్టులకి లెక్క కట్టొచ్చు గానీ పరిధి బాగా కుదించి. కాబట్టి అక్కడ పని అయిపోలేదు.

వాషింగ్టన్ డీసీలో ఇవన్నీ తీసేశారు కదా, ఇంకా ఉన్నట్టేనా?

స్టేట్ చట్టాలు ఉన్నాయి. ఫెడరల్‌లో మాత్రం బాగా వెనక్కి వెళ్ళింది, నేపా కింద వైట్‌హౌస్‌లోని పర్యావరణ కౌన్సిల్ రాసిన రూల్స్ 2025లో ఎత్తేశారు, అదే ఏడాది మే 29న సుప్రీం కోర్టు యూటా రైల్వే కేసులో 8-0తో తీర్పిచ్చింది. 88 మైళ్ళ రైల్వే లైన్ వేస్తే దానివల్ల పైన ఎక్కడో తవ్వే ఆయిల్, కింద ఎక్కడో రిఫైనరీలో శుద్ధి చేసే ఆయిల్ సంగతి ఏజెన్సీ చూడక్కర్లేదు అని. అది నేపా గురించి. సీక్వాని అర్థం చెప్పేది కాలిఫోర్నియా కోర్టులు, వాళ్ళు ఆ తీర్పుకి కట్టుబడాల్సిన పని లేదు. పైన పెద్దాయన తలుపేసుకున్న రోజుల్లో ఈ రాష్ట్ర చట్టాల విలువ ఇంకా పెరిగిందనే నా నమ్మకం.

ఈ రివ్యూల వల్లే కాలిఫోర్నియాలో ఇళ్ళు కట్టడం లేదు, రేట్లు పెరిగాయి అంటారు. నిజమేనా?

కొంత నిజం, దాచాల్సిన పని లేదు. పక్కింట్లో మేడ కడితే నీడ పడుతుందని సీక్వా పేరుతో కేసులేసి ఏళ్ళతరబడి ఆపినవాళ్ళు ఉన్నారు. బార్ట్ రైలు స్టేషన్ పక్కన అపార్ట్‌మెంట్లని పర్యావరణం పేరుతో ఆపితే ఆ కుటుంబాలు ఎక్కడికి పోతాయి, ఆల్టమాంట్ అవతలికే, పైన 7.1 టన్నుల లెక్క చూశారు కదా. కార్బన్ లెక్క నిజాయితీగా కడితే ఊరి మధ్య ఇళ్ళు గెలుస్తాయి.

2025 జూన్ 30న గవర్నర్ న్యూసమ్ సంతకం పెట్టిన ఏబీ 130 వల్ల ఊళ్ళోపల జోనింగ్‌కి సరిపోయే 20 ఎకరాల లోపు ఇళ్ళ ప్రాజెక్టులు చాలావరకు సీక్వా నుంచి బయటపడ్డాయి. అది మంచిదే అంటాను. కానీ అదే రోజు వచ్చిన ఎస్‌బీ 131లో అడ్వాన్స్‌డ్ మాన్యుఫ్యాక్చరింగ్ ఫ్యాక్టరీలకి కూడా మినహాయింపు ఇచ్చారు, అది తప్పు. ఇల్లు వేరు, ఫ్యాక్టరీ వేరు. ఆ ఫ్యాక్టరీ పక్కన ఉండేవాళ్ళకి అడిగే దారి పోయింది.

నేను హెచ్1బీ మీద ఉన్నా. కామెంట్ పెడితే ఏమైనా ఇబ్బందా? అసలు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. సీక్వాలో సిటిజన్ అయ్యుండాలి, ఓటుండాలి, ఇల్లుండాలి అనే షరతు ఏదీ లేదు, ఎవరైనా రాయొచ్చు. పేరు, ఉత్తరం పబ్లిక్ రికార్డులో ఉంటాయి, అది మాత్రం తెలుసుకోండి.

కామెంట్‌లో ఏం రాయాలి? ఎప్పటిలోగా?

ముందు డేట్లు. డ్రాఫ్ట్ ఈఐఆర్, అంటే రివ్యూ రిపోర్టు చిత్తుప్రతి, ఈ కాగితాలన్నీ చేరే స్టేట్ క్లియరింగ్‌హౌస్ ఆఫీసుకి వెళ్తే సాధారణంగా కనీసం 45 రోజులు టైముంటుంది. సీక్వానెట్ అనే స్టేట్ వెబ్‌సైట్‌లో మీ ఊరి పేరు కొట్టండి, ఏమేం నడుస్తున్నాయో కనిపిస్తాయి. ప్రాజెక్ట్ ఆమోదం పొంది నోటీస్ ఆఫ్ డిటర్మినేషన్ పెట్టాక కోర్టుకి వెళ్ళడానికి 30 రోజులే, అదీ ముందు కామెంట్లలో ఎవరో ఒకరు లేవనెత్తిన పాయింట్ల మీదే. అందుకే ఉత్తరం ముఖ్యం, మీరు కోర్టుకి వెళ్ళకపోయినా ఇంకెవరికైనా అది ఆధారం అవుతుంది.

మాకు జరిగింది చెప్తా. సెంట్రల్ వ్యాలీలో మా ఊరి చివర వేర్‌హౌస్ ఒకటి వస్తోందంటే నేనూ మా వీధిలో ఉండే ఒక అక్కా ఆ డ్రాఫ్ట్ డౌన్‌లోడ్ చేసుకుని కూర్చున్నాం. అసలు రిపోర్టు ఎంతుందో వెనకాల అపెండిక్సులు అంతకి రెండింతలు. గ్రీన్‌హౌస్ చాప్టర్‌లో అంతా పద్ధతిగానే ఉంది, హద్దు లోపలే ఉంది, ఇంకేముంది అనుకున్నాం. అక్క వృత్తి రీత్యా అకౌంటెంట్, ఆవిడ అపెండిక్స్‌లో కాల్‌ఈఈమాడ్ ప్రింటౌట్ తీసి వేలు పెట్టి ఒక్కో లైనూ చూస్తూ, ఈ ట్రక్కు ట్రిప్ దూరం ఏంట్రా ఇంత తక్కువుంది అంది. ట్రాఫిక్ చాప్టర్‌లో ట్రక్కులు ఓక్లాండ్ పోర్ట్ నుంచి వస్తాయని వాళ్ళే రాశారు. కార్బన్ లెక్కలో మాత్రం ట్రిప్ దూరం పోర్ట్‌కి ఉన్న దూరంలో సగం కూడా లేదు. అంటే సగం దారిలో ట్రక్కు మాయమైపోయి పొగ ఆగిపోయినట్టు లెక్క.

మేం రాసింది పేజీన్నర. ఫలానా పేజీలో ఇలా ఉంది, ఫలానా అపెండిక్స్‌లో ఇలా ఉంది, రెండూ కలవడం లేదు, ఏది నిజమో చెప్పి లెక్క మళ్ళీ కట్టండి అని అంతే. భూమిని కాపాడండి అని రాస్తే "మీ కామెంట్ గమనించాం" అని ఒక లైన్ జవాబొస్తుంది. పేజీ నంబర్‌తో ప్రశ్న వేస్తే వాళ్ళు కారణాలతో జవాబు రాయక తప్పదు, చట్టం ప్రకారం. ఫైనల్ రిపోర్టులో దూరం సరిచేశారు, అంకె పెరిగి హద్దు దాటింది, దాంతో డాక్ దగ్గర ట్రక్కులకి కరెంట్ ప్లగ్గులు, రూఫ్ మీద సోలార్ కొత్తగా షరతుల్లోకి వచ్చాయి. వేర్‌హౌస్ కట్టారు. పిల్లల స్కూల్ వైపు రోడ్డులో ఇంజన్ ఆన్ చేసుకుని నిలబడే ట్రక్కులు మాత్రం మేం భయపడినంత లేవు.

ఆంధ్రా, తెలంగాణాలో ఇలాంటిది ఉందా?

అక్కడ స్టేట్ చట్టం కాదు, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2006లో కేంద్రం ఇచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్. చిన్న కేటగిరీ ప్రాజెక్టుల్ని రాష్ట్ర స్థాయి అథారిటీ చూస్తుంది. ప్రజాభిప్రాయ సేకరణ ఉంది, కలెక్టరు గానీ ఆయన తరఫున అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ కూర్చుంటారు, టెంట్లు, పోలీసులు, మైకు కోసం తోపులాట, చూసినవాళ్ళకి తెలుసు. 2010లో సోంపేటలో థర్మల్ ప్లాంట్ మీద అంత పోరాటం జరిగితే జనం అడిగింది బీల (చిత్తడి) నేలల గురించి, నీళ్ళ గురించి, చేపల గురించి. చిమ్నీలోంచి ఏడాదికి ఎన్ని టన్నుల కార్బన్ అన్న ప్రశ్న అప్పుడు వినిపించలేదు, ఇన్ని టన్నులు దాటితే ఎక్కువ అనే హద్దు ఆ నోటిఫికేషన్‌లో లేదు కూడా.

2024 మార్చిలో మన సుప్రీం కోర్టు రంజిత్‌సిన్హ్ కేసులో, వాతావరణ మార్పు చెడు ప్రభావాల నుంచి రక్షణ పొందడం జనం హక్కు అంది. మోంటానాలో రాజ్యాంగంలో ఒక వాక్యం పట్టుకుని పిల్లలు రివ్యూ చట్టాన్ని సరిచేయించారు. విశాఖలో పెద్ద పెద్ద డేటా సెంటర్లు వస్తున్నాయి, వాటికి కరెంటు ఎక్కడి నుంచి, ఏడాదికి ఎన్ని టన్నులు అని, హియరింగ్ పెడితే అందులో మైకు దొరికినవాళ్ళు అడగొచ్చు, రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. అక్కడ మీ వాళ్ళెవరైనా వెళ్తుంటే ప్రశ్నలు తయారు చెయ్యడంలో సాయం చేస్తా, మెసేజ్ పెట్టండి.